ఆగస్టు 29 ఛాయాచిత్ర ప్రదర్శన: ఫోల్డర్ల పరిమాణం విషయం వెంటనే తేల్చాలి

(సభ్యుల సందేశాలు; ఒక్కొక్కరి పేరుకు బదులు వారి ఊరి పేరు ఉంది)

పర్లాకిమిడి (కార్యదర్శి), సోమవారం ఉదయం:
అందరికీ నమస్కారం. వేదిక, ఆహ్వాన పత్రాలు, ఫలహారాలు, ఛాయాచిత్ర ప్రదర్శన అని మనం రాసుకున్న నాలుగు పనుల్లో చివరిదానికి ఆటంకం వచ్చింది. బయటి ల్యాప్‌టాప్‌ను తమ టీవీకి కలపనివ్వమని, 64 జీబీ పెన్‌డ్రైవ్ ఒక్కటి గురువారం సాయంత్రంలోగా అందజేయాలని హాలువారు చెప్పారు. మన హార్డ్ డిస్కులో దాదాపు 400 జీబీ ఉంది. ఫోటోలు చూసే మన సాఫ్ట్‌వేర్ ప్రతి ఫోల్డర్ పక్కన ఎన్ని ఫోటోలున్నాయో చూపుతోంది గాని ఎన్ని జీబీలో చూపడం లేదు. ఏది ఉంచాలో, ఏది వదలాలో ఎలా తెలుస్తుంది?

బరంపురం, సోమవారం మధ్యాహ్నం:
ఫోల్డర్‌కు తనదంటూ పరిమాణం ఉండదు. డిస్కు ఒక్కొక్క ఫైలు పరిమాణాన్నే నమోదు చేసుకుంటుంది కనుక, ఫోల్డర్ మొత్తం కావాలంటే లోపలి ఉపఫోల్డర్లన్నీ తిరిగి కూడుకోవాలి. అందుకు సమయం పడుతుంది కాబట్టే విండోస్ ఎక్స్‌ప్లోరర్ కూడా ఫోల్డర్ పక్కన పరిమాణం గడిని ఖాళీగా వదిలేస్తుంది. విన్‌డర్‌స్టాట్‌తో (ఫోల్డర్ల పరిమాణాలు కొలిచి చూపే ప్రోగ్రామ్) డిస్కును ఒకసారి చదివిస్తే అన్ని ఫోల్డర్లూ పెద్దవాటి నుంచి చిన్నవాటి వరకు వరుసగా కనిపిస్తాయి. 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను విండోస్ (వెయ్యికి బదులు 1024 చొప్పున లెక్కిస్తుంది కనుక) 59.6 జీబీగానే చూపుతుందని కూడా గమనించండి.

గుణుపూరు, సోమవారం రాత్రి:
డిస్కు నా దగ్గరే ఉంది కనుక నిన్ననే కొంత తగ్గించాను. నౌపడ చిన్న రైలు ఫోటోలకు జేపెగ్ (కుదించిన) ప్రతులు ఉన్నాయి కదా అని టిఫ్ (కుదించని పెద్ద స్కాన్ ఫైళ్ల) ఫోల్డర్‌ను తొలగించాను.

రాయగడ, సోమవారం రాత్రి:
ఎవరిని అడిగి తొలగించారు తమ్ముడూ? 1900లో పర్లాకిమిడికి, 1931లో గుణుపూరుకు వచ్చి, 2004లో ఆగిపోయిన ఆ చిన్న రైలు ఫోటోలవి. ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చి, అట్టకు అతుక్కుపోయినవాటిని చాకు మొనతో మెల్లగా విడదీసి, వెనక పెన్సిల్‌తో రాసిన ఊళ్ల పేర్లు చెరిగిపోకుండా స్కాన్ చేశాను. జేపెగ్‌లు పంపుకోవడానికి చేసిన చిన్న ప్రతులు మాత్రమే. అసలు ఫోటోలు ఎవరివి వారికి తిరిగి ఇచ్చేశాను.

పర్లాకిమిడి, మంగళవారం ఉదయం:
దయచేసి ఇద్దరూ శాంతించండి. ముందు ఆ ఫోల్డర్ సంగతి చూద్దాం.

బరంపురం, మంగళవారం ఉదయం:
అక్కయ్యా, ఒక్క లెక్క చూడండి. నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు ఉన్న ఫోటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) రంగులతో స్కాన్ చేస్తే 2400 × 3600 పిక్సెళ్లు, పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున, కుదించని టిఫ్ ఒక్కొక్కటి సుమారు 26 ఎంబీ అవుతుంది. అలాంటివి 1500 అంటే విండోస్ లెక్కలో 36 జీబీ. గుణుపూరు తమ్ముడూ, ఇంకేదీ ఆ డిస్కులోకి కాపీ చేయవద్దు. డిస్కులో నిండిన స్థలం ఎంతో, ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించే ఫోల్డర్ల మొత్తం ఎంతో చెప్పండి.

గుణుపూరు, మంగళవారం మధ్యాహ్నం:
నిండినది 398 జీబీ, ఫోల్డర్ల మొత్తం 362.

బరంపురం, మంగళవారం మధ్యాహ్నం:
తేడా సరిగ్గా 36. అంటే అవి ఎక్కడికీ పోలేదు, తొలగించినవి చేరే ఆ డిస్కు రీసైకిల్ బిన్‌లోనే ఉన్నాయి. విన్‌డర్‌స్టాట్ ఆ ఫోల్డర్‌ను కూడా చూపుతుంది. వెంటనే రీస్టోర్ చేయండి.

గుణుపూరు, మంగళవారం సాయంత్రం:
అన్నీ వచ్చాయి, నౌపడ స్టేషన్‌లో పొగబండి ముందు నిలబడిన పిల్లల ఫోటోతో సహా. అక్కయ్యా, అడగకుండా చేయడం నా తప్పు, క్షమించండి.

రాయగడ, మంగళవారం రాత్రి:
నేనూ గట్టిగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకు. ఇక ఏ ఫోల్డర్ వదలాలనే చర్చే వద్దు. ఆ టీవీ తెర 1920 × 1080 మాత్రమే కనుక, మూలాలను ముట్టుకోకుండా అన్నింటినీ ఆ కొలతకు కుదించిన జేపెగ్‌లుగా వేరే ఫోల్డర్‌లోకి మార్పించు. ఒక్కొక్కటి ఒక ఎంబీ దాటదు, పెన్‌డ్రైవ్‌లో సగం కూడా నిండదు. టిఫ్‌లకు మాత్రం రెండో డిస్కు నేను కొంటాను.

గుణుపూరు, బుధవారం ఉదయం:
రాత్రంతా మార్పిడి నడిచింది, పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంది. రేపు ఉదయం గుణుపూరు బండిలో పర్లాకిమిడికి నేనే తెస్తాను. కార్యదర్శి గారూ, స్టేషన్‌కు ఎవరినైనా పంపండి.