కార్డు బొమ్మను పొరలుగానే ఊహించాలా, గీసిన తరువాత పొరలుగా విడదీయాలా?

వర్ణరేఖ (చర్చ ప్రారంభం)

పెళ్లి శుభలేఖలకూ పండుగ కార్డులకూ బొమ్మలు వేసేవారిలో చాలాకాలంగా తెగని వాదం ఒకటి ఉంది. స్క్రీన్ ప్రింటింగులో, అంటే చట్రానికి బిగించిన సన్నని నేత తెరలోనుంచి సిరాను అట్టమీదికి దించే అచ్చుపనిలో, రంగుకొక తెర కావాలి కనుక, మూడు రంగుల కార్డు అంటే అదే అట్ట మూడుసార్లు అచ్చుకు వెళ్లి, ప్రతిసారీ ఆరి, మళ్లీ అదే గుర్తుల మీద కూర్చోవాలి. ఈ పనికి బొమ్మ వేసేవారు తమకు తోచిన దృశ్యాన్ని నిండు రంగులతో గీసి, దానిని రంగుకొక పొరగా విడదీసే బాధ్యతను ముద్రణశాలకు అప్పగించాలా? లేక మొదటి పెన్సిలు గీత దగ్గరనుంచే ఏ రంగు దేని కింద పడుతుందో, దేని మీద పడుతుందో ఆలోచిస్తూ బొమ్మను కట్టుకోవాలా? నేను రెండవ పక్షాన నిలబడతాను.

నా ముఖ్య వాదం ఖర్చుకు సంబంధించినది కాదు, ఊహకు సంబంధించినది. వెలుతురు చొరబడే మూడు సిరాలను తీసుకుంటే, విడివిడిగా మూడు రంగులు, రెండేసి కలిసినచోట మరో మూడు, మూడూ కలిసినచోట ఇంకొకటి, వెరసి 7 రంగులు వస్తాయి. ముట్టుకోకుండా వదిలిన కాగితపు తెలుపు ఎనిమిదవది. నిండు రంగులతో ముందే గీసిన బొమ్మకు ఈ కలయికలు అడ్డంకులుగా కనబడతాయి. పొరలతో మొదలుపెట్టినవారికి అవే బొమ్మకు దారి చూపిస్తాయి.

రెండు ఉదాహరణలు చెబుతాను. సంక్రాంతి కార్డుకు ముగ్గు వేయాలనుకుందాం. ముగ్గు స్వభావమే రెండు పొరలది: ముందు చుక్కలు, తరువాత వాటిని చుట్టుకుంటూ పోయే గీత. చుక్కలను ఒక రంగులో, గీతను మరో రంగులో అచ్చువేస్తే, చూసేవారి కన్ను ముగ్గు వేసిన చేతి వెంటే నడుస్తుంది. రెండవది శుభలేఖ. జీలకర్ర బెల్లం ముహూర్తం దాకా వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుంటారు కదా. ఇద్దరినీ లోపలి అట్టమీద అచ్చువేసి, దానిపై పలుచని పారదర్శక కాగితాన్ని కలిపి, ఆ కాగితం మీద అడ్డుతెరను, దాని అంచు పట్టుకున్న చేతులను మాత్రమే అచ్చువేస్తే, కార్డు తెరిచేవారే ఆ తెరను తొలగించినవారవుతారు. పూర్తిగా గీసిన బొమ్మను ఎంత నేర్పుగా విడదీసినా ఈ ఊహ దానిలోనుంచి రాదు. కార్డులో పొరలున్నాయన్న ఎరుకలోనుంచే వస్తుంది.

కుంచె

వర్ణరేఖ గారి అడ్డుతెర ఊహ నాకు నిజంగా నచ్చింది. అయినా దాని ఆధారంగా అందరికీ ఒక నియమం చేయడం తగదని నా అభిప్రాయం.

ముద్రణ చరిత్రలో మనం తలఎత్తి చూసే పనులు చాలావరకు గీసేవారూ విడదీసేవారూ వేరైనప్పుడు జరిగినవే. జపానులో 1765 ప్రాంతంలో సుజుకి హరునోబు అనే చిత్రకారుడి కాలానికి అనేక రంగుల చెక్క అచ్చు నిలదొక్కుకుంది. అక్కడ చిత్రకారుడు నల్లగీతతో బొమ్మ ఇచ్చేవాడు, చెక్కేవాడు దానినుంచి మూల అచ్చును తీసేవాడు. ఆ అచ్చు ప్రతుల మీద ఏ రంగు ఎక్కడ రావాలో గుర్తించి, ఆ తరువాత రంగుకొక చెక్క చెక్కేవారు. మన దేశంలో రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయాన్ని స్థాపించినప్పుడు, ఆయన తైలవర్ణ చిత్రాలను జర్మనీ నుంచి వచ్చిన నిపుణులు రాతి పలకల మీదికి రంగు తరువాత రంగుగా విడదీశారు. దేవతల రూపాలు ఇంటింటి గోడకూ చేరింది ఆ పనివల్లనే. ఆ చిత్రాలు గీసిన క్షణంలో పలకల సంఖ్య గురించిన చింత ఉండి ఉంటే, ఆ ముఖాల్లో అంత మృదుత్వం వచ్చేదని నేను అనుకోను.

నాకున్న అసలు భయం మరొకటి. పొరలతో మొదలుపెట్టేవారి కార్డులన్నీ ఒకదానినొకటి పోలి ఉంటున్నాయి. రెండు చదునైన ఆకారాలు ఒకదానిమీదికి ఒకటి ఒరుగుతాయి, కలిసినచోట మూడవ రంగు తేలుతుంది, అంతటితో బొమ్మ ముగుస్తుంది. పెళ్లికూతురి ముఖంలో సిగ్గు, ఆమె తండ్రి కళ్లలో తడి, నాదస్వరం ఊదేవారి బుగ్గల బిగువు, ఇవి ఆ పద్ధతిలో ఎక్కడనుంచి వస్తాయి? ముందు మనిషిని చూడాలి, గీయాలి. తెరల లెక్క ఆ తరువాతిది.

ముద్రణశాల

నేను స్క్రీన్ ప్రింటింగు వృత్తిలో ఉన్నవాడిని. ఇద్దరి మాటల్లోనూ సత్యముంది గాని, మా బల్ల దగ్గర ఏం జరుగుతుందో తెలియకుండా ఈ వాదం ముందుకు సాగదు.

మొదటిది, విడదీయడం అంటే తీర్పు చెప్పడం. పెళ్లికూతురి ఎర్రచీర మీదికి పచ్చని అరటి ఆకు వచ్చిందనుకోండి. ఆకు కింద ఎరుపును ఖాళీగా వదలాలా, లేక ఎరుపు మీదనే ఆకుపచ్చను వేయాలా? ఖాళీ వదిలితే, అట్ట వెంట్రుకవాసి జరిగినా తెల్లని సందు కనబడుతుంది. దానిని కప్పడానికి లేత రంగును ముదురు రంగు కిందికి కొద్దిగా, చేతి పనిలో అయితే అర మిల్లీమీటరు దాకా, చొప్పించుకుంటాం. ఖాళీ వదలకుండా పైన వేస్తే, సిరా పలుచనిదైనప్పుడు ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది. చిత్రకారుడు చెప్పకపోతే ఈ తీర్పు నేను చెబుతాను. అప్పుడు ఆ బొమ్మలో కొంత భాగం నాది.

రెండవది బంగారు రంగు. మన శుభలేఖల్లో బంగారం లేనిది అరుదు. ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్టు అచ్చులోని నాలుగు మూల రంగులను ఎలా కలిపినా లోహపు మెరుపు రాదు. దానికి వేరే సిరా గాని, వేడి అచ్చుతో అద్దే ఫాయిల్ (పలుచని మెరుపు రేకు) గాని కావాలి. ఆ సిరాలో లోహపు రేకుల పొడి ఉంటుంది కనుక, సన్నని గీతలకు వాడే సెంటీమీటరుకు 120 దారాల తెర బదులు 77 దారాల వంటి వెడల్పు కన్నుల తెర తీసుకోవలసి వస్తుంది. అందువల్ల వెంట్రుకంత బంగారు గీత నిలవదు. బంగారం అడుగు రంగును కప్పేస్తుంది కనుక చివర్లోనే వేస్తాం. అంటే బంగారం ఎక్కడుండాలో చివరికి నిర్ణయించుకుందామనుకునే చిత్రకారుడు, అన్నిటికన్నా పైకి కనబడే పొరను అన్నిటికన్నా తక్కువ ఆలోచనతో ఇస్తున్నాడన్నమాట.

మూడవది అట్ట రంగు. మెరూన్ అట్టమీద పసుపు వేస్తే పసుపు రాదు. ముందు కింద తెల్లసిరా పరుపు వేయాలి, అది అదనపు తెర. తేమ ఎక్కువున్న రోజుల్లో అట్ట ఉబ్బి, నిన్న వేసిన పొరకు నేటి పొర సరిగ్గా కూర్చోదన్నది ఇంకో సంగతి. కాబట్టి బొమ్మను ఎలాగైనా గీయండి, కాని కింద ఏముంది, పైన ఏముంది అన్నది మాత్రం చిత్రకారులే చెప్పి పంపండి.

పెడన పాఠకుడు

కృష్ణా జిల్లా పెడనలో అచ్చు కలంకారీ పనిని దగ్గరగా చూసినవాడిగా కొంత చేరుస్తాను. కుంచె గారు జపాను దాకా వెళ్లారు. ఆ ప్రశ్నకు సమాధానం మచిలీపట్నం పక్కనే ఉంది.

ఇక్కడ ఒక్కో నమూనాకు టేకు చెక్క అచ్చులు ఒక జట్టుగా ఉంటాయి. బయటి గీతలకు ఒకటి, లోపల నింపే రంగులకు ఒక్కొక్కటి. కరక్కాయ రసం పట్టించిన బట్టమీద ఇనుమునూ బెల్లాన్నీ పులియబెట్టిన ద్రావకంతో గీతల అచ్చు వేస్తే నలుపు తేలుతుంది. ఎరుపు రావలసినచోట వేసేది ఎర్రరంగు కాదు, పటిక. ఆ బట్టను ఎరుపునిచ్చే వేళ్లయిన చిరివేరు లేదా మంజిష్ఠ వేసిన తొట్టిలో మరిగించినప్పుడు, పటిక పడినచోటే రంగు పట్టి ఎరుపు బయటికి వస్తుంది. నీలం కావాలంటే నీలి అంటకూడని చోట్లన్నిటినీ మైనంతో కప్పి ముంచాలి.

పటిక అచ్చు వేస్తున్న మనిషి ఆ నిమిషాన ఎరుపును చూడడం లేదు, ఎరుపు రాబోయే చోటును చూస్తున్నాడు. నీలం విషయంలో ఆలోచించవలసింది రంగు రాకూడని చోటు గురించి. ఈ పనిలో బొమ్మ, పొర అని రెండు దశలు విడిగా లేవు. కాగితం మీద నమూనా గీసేవారు కూడా తీగకూ పువ్వుకూ మధ్య చెక్కేవారి ఉలి తిరిగే చోటు వదిలే గీస్తారు. అందుకని నేను వర్ణరేఖ గారి పక్షమే. అయితే పొరలవల్ల బొమ్మలు ఒకేలా ఉంటాయన్న భయానికి నా జవాబు వేరు: అవే అచ్చులను రంగులు మార్చి, వరుస మార్చి వేస్తే వచ్చే వైవిధ్యం ఒక్కసారి గీసి ముగించిన బొమ్మకు ఉండదు.

నవముద్ర

ఇప్పుడు డిజిటల్ యంత్రాలు ఏ బొమ్మనైనా, ఎన్ని రంగులనైనా, ప్లేటు గాని తెర గాని లేకుండా నేరుగా అచ్చువేస్తున్నాయి. పది కార్డులు కావాలన్నా సాధ్యమే. ఇటువంటి కాలంలో ఈ చర్చ పాత పరిమితులను గొప్ప గుణాలుగా చేసి చూపుతున్నదేమోనని నా సందేహం.

ముద్రణశాల

సందేహం సమంజసమే గాని, శుభలేఖ విషయంలో అది నిలవదు. డిజిటల్లో బొమ్మ వచ్చినా, ఫాయిల్‌కు వేరే అచ్చు, ఉబ్బెత్తు పనికి వేరే అచ్చు, కత్తిరింపుకు వేరే అచ్చు కావాలి. అవన్నీ పొరలే. పైగా హైదరాబాదు ఛత్తాబజారు వంటి శుభలేఖల బజారుకు వెళ్లి చూడండి. అలంకారం ముందే అచ్చయిన అట్టలు దుకాణంలో వరుసగా ఉంటాయి, కుటుంబం వాటిలో ఒకటి ఎంచుకుంటుంది, పేర్లూ ముహూర్తమూ మాత్రం తరువాత వేస్తారు. అంటే ఆ బొమ్మ గీసినవారికి తన బొమ్మ మీద పడబోయే చివరి పొర ఏమిటో తెలియదు. నా దృష్టిలో ఈ చర్చలో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే. దీనిమీద ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

కుంచె

పెడన ఉదాహరణ బలమైనదని ఒప్పుకుంటాను. అయితే తీగలూ పువ్వులూ నెమళ్లూ అచ్చుకు ఒదిగినంత సులభంగా మనిషి ముఖం ఒదగదు. మూడు తెరలతో ముఖం ఎలా వేస్తారో, అందులో భావం ఎలా నిలుపుతారో వర్ణరేఖ గారు వివరించగలిగితే, నా అభిప్రాయాన్ని మళ్లీ పరిశీలించుకుంటాను.

వర్ణరేఖ

కుంచె గారి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ముఖానికి నేను మొదట వాడేది అట్ట రంగునే. లేత గోధుమ ఛాయ ఉన్న అట్టను ఎంచుకుంటే చర్మం ముందే అక్కడ ఉంటుంది, దానికి తెర అక్కర లేదు. చీర కోసం ఎలాగూ వేస్తున్న ఎరుపును చుక్కలుగా పలచబరిచి బుగ్గ కింద, కనురెప్ప కింద తీసుకువస్తే నీడ దొరుకుతుంది. మూడవదైన ముదురు రంగు గీతకు. ఇక భావం గీతలో ఉంటుంది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాలలో రంగులు చాలావరకు చదునైనవే, ముఖాలు పక్కకు తిరిగినవే. అయినా ఆ కన్ను గీసిన తీరులో, మెడ వంచిన తీరులో మనిషి కనబడుతున్నాడు. మీరు చెప్పిన హరునోబు చిత్రాలలోనూ భావాన్ని మోసేది ఆ నల్లగీతే. అక్కడ విడదీసినవారు వేరు కావచ్చు గాని, గీసినవాడు చెక్క మీద నిలిచే గీతనే గీశాడు, చదునుగా పడే రంగునే కోరాడు. దానిని నేను పొరలుగా ఊహించడమనే అంటాను. రవివర్మ చిత్రాల సంగతి వేరు. వాటికి కావలసినన్ని పలకలు వాడే వీలు ఉంది. మూడు తెరల ఖర్చు మాత్రమే భరించగల శుభలేఖకు ఆ దారి తెరిచి లేదు.

అన్నీ ఒకేలా ఉంటున్నాయన్న విమర్శలో నిజముంది. కాని దానికి కారణం పొరలు కాదు. మొదటి ప్రయత్నంలోనే ఏ రంగుకు ఏ పొర అని స్థిరపరచుకోవడం. నేను చేసే పద్ధతి చెబుతాను. పలుచని ట్రేసింగు కాగితాల మీద ఒక్కో పొరను విడిగా, అన్నిటినీ నల్లని సిరాతోనే గీస్తాను. అచ్చు తెర మీదికి బొమ్మను దించడానికి వాడే ఫిల్ము మీది బొమ్మ ఎలాగూ నల్లగానే ఉండాలి, ఏ రంగు అచ్చువేస్తామన్నది తరువాతి మాట. నల్లగా గీసినప్పుడు ఈ పొర ఎరుపు, ఆ పొర పసుపు అన్న అలవాటు నుంచి మనసు బయటపడుతుంది. ఆ కాగితాలను వరుస మార్చి, ఒకదాన్ని తిరగవేసి, కొంచెం జరిపి చూస్తే, అరటి ఆకుకు గీసిన ఈనెలు చీర కుచ్చిళ్లుగా, తోరణపు మామిడాకులు పల్లకి అంచుగా కనబడే సందర్భాలు వస్తాయి. అటువంటివి దొరికాకనే రంగులు నిర్ణయిస్తాను.

ముద్రణశాల గారు లేవనెత్తిన చిక్కుకు నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు గాని, ఒక పని చేయవచ్చు. తరువాత పడే అక్షరాల పొరకు చోటు లెక్కవేసేటప్పుడు, తెలుగు లిపికి పైన గుడులూ కింద వత్తులూ ఉంటాయన్నది మరచిపోకూడదు. ఇంగ్లీషు వరుసలకు సరిపోయిన ఎడం తెలుగుకు సరిపోదు, వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. నిండు రంగులో అక్షరాలను ఖాళీగా వదిలే పద్ధతిలోనైతే, చిన్న అక్షరాల్లో సున్నాలూ వత్తుల లోపలి సందులూ సిరాతో పూడిపోతాయి కనుక, అక్షరాలు పడే భాగాన్ని లేత రంగుగానో, ఖాళీ అట్టగానో ఉంచి, ముదురు సిరాతో అచ్చువేయించడం మేలు. అందుకని సిద్ధం అట్టలకు బొమ్మ గీసేవారు, బొమ్మతోపాటు అక్షరాల చోటును గుర్తించిన ఒక ట్రేసింగు కాగితాన్ని కూడా ముద్రణశాలకు పంపాలని నా ప్రతిపాదన. పాఠం ఎన్ని వరుసలు వస్తుందో తెలియనప్పుడు ఆ చోటును ఎంత పెద్దదిగా ఉంచాలన్నది రోజూ పేర్లు అచ్చువేసేవారే చెప్పగలరు. ముద్రణశాల గారు తమ దగ్గరికి వచ్చే తెలుగు శుభలేఖల్లో సాధారణంగా ఎన్ని వరుసలుంటాయో, అతి చిన్న అక్షరం ఎంత ఉంటే పూడకుండా నిలుస్తున్నదో ఇక్కడ రాయగలరని ఆశిస్తున్నాను.