ఆర్గన్ త్రయంలో బేస్ వాయించేది ఎవరు?

ప్రశ్న:
జాజ్ ఆర్గనిస్టు జిమ్మీ స్మిత్ 1965లో వెర్వ్ సంస్థకు చేసిన ‘ఆర్గన్ గ్రైండర్ స్వింగ్’ ఆల్బమ్‌ను వారం రోజులుగా వింటున్నాను. ఆర్గన్ స్మిత్, గిటార్ కెన్నీ బరెల్, డ్రమ్స్ గ్రేడీ టేట్ అని మూడే పేర్లు ఉన్నాయి. అయినా ప్రతి పాటలోనూ అడుగున బేస్ నడక (అడుగులు వేస్తున్నట్టు ఒకదాని వెంట ఒకటిగా సాగే మంద్ర స్వరాల వరుస) స్పష్టంగా వినిపిస్తోంది. పేరు వేయని నాలుగో మనిషి ఎవరైనా ఉన్నారా, లేక బరెల్ గిటార్ లావు తీగల మీద ఆ పని చేస్తున్నారా?

జవాబు 1:
నాలుగో మనిషి లేరండి, ఆ బేస్ స్మిత్‌దే. ఆయన వాయించే హామండ్ బి-3 ఆర్గన్‌లో చేతులకు ఒక్కొక్కటి 61 మెట్లున్న రెండు వరుసలు, కాళ్ళకు 25 పెడళ్ళు ఉంటాయి. చేతులు పైన పాట సంగతి చూసుకుంటే, బేస్ మొత్తం పాదాలు చూసుకుంటాయి.

జవాబు 2:
బేస్ స్మిత్‌దే అన్నది నిజం, కానీ బేస్ మొత్తం పాదాలదే అనడం సరికాదు. నెమ్మదిగా సాగే పాటల సంగతి వేరు. వేగం ఉన్న చోట ఆయన బేస్ నడకను చాలా వరకు ఎడమ చేతితో కింది వరుస మీదే వాయించి, దానికి తోడుగా పాదంతో పెడల్‌ను క్షణకాలం తట్టి వదిలేవారు. తీగను మీటితే ధ్వని ఒక్కసారిగా పుట్టి క్రమంగా సన్నగిల్లుతుంది. ఆర్గన్ ధ్వని మాత్రం మెట్టు నొక్కి ఉంచినంతసేపూ ఒకే మోతాదులో నిలుస్తుంది. పెడల్ మీద ఆ చిన్న తట్టు పడితేనే ప్రతి స్వరం మొదట్లో ‘డుబ్’ మనే అదురు చేరి, తీగ మీటిన భ్రమ కలుగుతుంది.

ఎడమ చేయి ఇలా బేస్‌కు అంకితమైపోవడం వల్లే ఈ త్రయంలో గిటార్‌కు అంత పని ఉంటుంది. కుడి చేయి సోలో వాయిస్తున్నప్పుడు కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) అందించవలసింది బరెలే. ఆయన వాటిని ఎంత పొదుపుగా, ఎంత ఖాళీ వదిలి వేస్తారో గమనించండి. నా దృష్టిలో ఈ ఆల్బమ్‌కు అసలు అందం అదే. గిటార్ సోలో వచ్చేసరికి పాత్రలు మారి, కార్డులు స్మిత్ కుడి చేతికి వెళతాయి, బేస్ మాత్రం ఆగదు. మీ రెండో అనుమానానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

జవాబు 3:
బేసిస్టు లేకపోవడం గిటార్ ఉన్న త్రయాలకే పరిమితం కాదు. అదే 1965లో మరో ఆర్గనిస్టు లారీ యంగ్ రికార్డు చేసిన ‘యూనిటీ’ ఆల్బమ్‌లో గిటారే లేదు, ట్రంపెట్, టెనర్ సాక్సఫోన్, డ్రమ్స్ ఉన్నాయి. అక్కడ కూడా బేస్ ఆర్గనిస్టుదే. రెండూ పక్కపక్కన వింటే ఎడమ చేతి నడక మనిషి మనిషికీ ఎంత మారుతుందో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ‘శాటిన్ డాల్’ మళ్ళీ విన్నాను. గిటార్ సోలోలోకి వెళ్ళాక కూడా బేస్ అలాగే నడిచింది కాబట్టి బరెల్ మీద నా అనుమానం తీరిపోయింది. ఆ ‘డుబ్’ను మాత్రం టేట్ బేస్ డ్రమ్ నుంచి ఇంకా విడదీసి వినలేకపోతున్నాను.