అప్‌డేట్: జర్మన్‌లో పేరు అడగడం, పరిచయం చేసుకోవడం

గోథే ఏ1 (గోథే ఇన్‌స్టిట్యూట్ పెట్టే జర్మన్ పరీక్షలో మొదటి స్థాయి) స్పీకింగ్‌కి ముందు రెండు విషయాలు అడిగాను: కొత్తవాళ్ల పేరు మర్యాదగా ఎలా అడగాలి, మన ఇంటిపేరు ఎక్కడ చెప్పాలి అని. పరీక్ష పాసయ్యాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పరిచయం లేని పెద్దవాళ్లని 'వీ హైసెన్ జీ?' అనీ, పిల్లల్నీ తోటి విద్యార్థుల్నీ 'వీ హైస్ట్ డూ?' అనీ అడగాలి. మన మీరు, నువ్వు లాంటిదే, కానీ అక్కడ ఇంట్లో తాతయ్యనైనా 'డూ' అనే అంటారు. జవాబుకి 'ఇష్ హైసె' (నా పేరు), 'ఇష్ బిన్' (నేను) రెండూ సరిపోతాయి.

పరీక్షలో పరిచయానికి పేరు, వయసు, దేశం, ఊరు, భాషలు, వృత్తి, హాబీ వరకూ బట్టీ పట్టినా గట్టెక్కొచ్చు. అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఏదో ఒక పేరు స్పెల్లింగ్ చెప్పమంటారు. జర్మన్‌లో వి అక్షరం 'ఫౌ', డబ్ల్యూ 'వే', జె 'యోట్'. ఇంగ్లిష్ ఇ వాళ్లకి 'ఏ', ఇంగ్లిష్ ఐ వాళ్లకి 'ఈ'. విజయ అని పేరున్నవాళ్లు ఫౌ, ఈ, యోట్ అని ముందే ప్రాక్టీస్ చేసుకోండి! తర్వాత ఫోన్ నంబర్ లాంటిది అడుగుతారు. ఒక్కో అంకె చొప్పున చెప్పేస్తే హాయి. ఫోన్లో 'త్స్వై'ని (రెండు) 'డ్రై' (మూడు) అనుకోకుండా రెండుని 'త్స్వో' అంటారట, ఇది నాకు బాగా నచ్చింది.

ఇంటిపేరు 'నాఖ్‌నామె', అసలు పేరు 'ఫోర్‌నామె'. మామూలుగా అసలు పేరే ముందు. అక్కడ హెర్, ఫ్రావ్ (మన శ్రీ, శ్రీమతి లాంటివి) తర్వాత వచ్చేది ఇంటిపేరే కాబట్టి ఇనిషియల్‌తో సరిపెట్టకుండా, పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా చెప్పండి.

ఇక ఏ2. డేర్, డీ, దాస్ (నామవాచకాల ముందు లింగాన్ని బట్టి మారే ఆర్టికల్స్) గొడవతో మళ్లీ వస్తాను.