ఇవాక్యుయేషన్‌కు 'తరలింపు' సరిపోతుందా?

అగ్నిప్రమాద సూచనల బోర్డు తెలుగులో రాస్తున్నాను. 'ఇవాక్యుయేషన్' (ప్రమాదమున్న చోటు నుంచి అందరూ బయటపడటం) దగ్గర ఆగిపోయాను, సాయం చేయగలరా?

ఈ మాట పుట్టింది లాటిన్‌లో 'ఖాళీ' అనే అర్థమున్న పదం నుంచి. ఇంగ్లిష్‌లో అదే క్రియ భవనానికీ, మనుషులకూ చెల్లుతుంది. మనకు అలా కుదరదు: భవనాన్ని ఖాళీ చేయిస్తాం, మనుషుల్ని తరలిస్తాం. 'లోతట్టు ప్రాంతాల ప్రజలను తరలించారు' అంటే చక్కగా ఉంటుంది, తీసుకెళ్లేవాళ్లు వేరే ఉన్నారు కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ తీరం నుంచి 3,38,000 మందికి పైగా సైనికులను ఓడల్లో ఇంగ్లండ్‌కు దాటించిందీ తరలింపే.

అలారం మోగితే మాత్రం ఎవరికి వారే మెట్ల మీదుగా దిగిపోవాలి. అక్కడ 'తరలింపు' అని ఉంటే ఎవరో వచ్చి తీసుకెళ్తారని ఆగిపోవచ్చు. 'ఖాళీ చేయండి' మరీ ప్రమాదం: అద్దె ఇల్లు ఖాళీ చేసినట్టు సామాన్లు సర్దుకోబుద్ధవుతుంది. అందుకే 'వెంటనే బయటికి వెళ్లండి. లిఫ్ట్ ఎక్కొద్దు. సామాన్లు వదిలేయండి' అని రాశాను.

మరి గోడ మీది 'ఇవాక్యుయేషన్ ప్లాన్' పటానికి శీర్షిక ఏం పెట్టాలి? 'అత్యవసర నిష్క్రమణ' అంటే ఒక్క తలుపు అనుకుంటారు. 'బయటపడే దారి' సరిపోతుందా?