థ్రాటిల్ ల్యాగ్ నిజంగా రైడ్-బై-వైర్ వల్లేనా? టూరింగ్‌కి కేబుల్ బండే కొనాలా?

నల్లమల_రైడర్

టూరింగ్ బైకుల్లో కేబుల్ థ్రాటిల్ దాదాపు మాయమైపోతోంది. దాని బదులు, గ్రిప్ కదలికని సెన్సర్, వైరు ద్వారా ఇంజిన్ కంప్యూటర్‌కి పంపే రైడ్-బై-వైర్ వస్తోంది. కేటీఎం 390 డ్యూక్‌కి 2017లోనే రైడ్-బై-వైర్ వచ్చింది. 2020లో వచ్చిన 390 అడ్వెంచర్‌లోనూ అదే. 2023 నవంబరులో హిమాలయన్ 450తో రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా అటే వెళ్లింది. 2025లో డామినార్ 400 వంతు.

సామాను కట్టుకుని, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కేవాళ్లకి ఇది మంచి మార్పు కాదని నా అభిప్రాయం. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కుతూ రెండో గేర్లో హెయిర్‌పిన్ తిరిగేటప్పుడు గ్రిప్ తిప్పితే ముందు ఏమీ జరగదు. ఆ తర్వాత ఒక్కసారిగా తోస్తుంది, ల్యాగ్ అంటున్నది దీన్నే. ఆ మధ్య క్షణంలో బండి మలుపు లోపలికి పడిపోతున్నట్టు ఉంటుంది. పాత కేబుల్ బండిలో నాకు ఈ బాధ లేదు, ఇప్పుడున్న 400 సీసీ సింగిల్ సిలిండర్ బండిలో ఉంది. సర్వీసులో అడిగితే "ఈ బండ్లన్నీ ఇంతే సార్" అని పంపేశారు.

చేతికీ ఇంజిన్‌కీ మధ్య సాఫ్ట్‌వేర్ కూర్చుంటే ఆలస్యం తప్పదు. టూరింగ్‌కి కొనేవాళ్లు దొరికినంత కాలం కేబుల్ బండ్లే చూసుకోవాలి. కాదనేవాళ్లు ఎందుకు కాదో కారణంతో చెప్పండి.

ఈసీయూ_బెంచ్

ఇంజిన్ కాలిబ్రేషన్ (ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు సరిచేసే పని) నా ఉద్యోగం కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

గ్రిప్ దగ్గర సెన్సర్ ఉంటుంది. మీరు ఎంత తిప్పారో అది ఈసీయూకి చెబుతుంది. ఈసీయూ లెక్క చూసుకుని థ్రాటిల్ బాడీలోని చిన్న మోటార్‌తో, గాలి దారిలో ఉండే బటర్‌ఫ్లై వాల్వ్ తెరుస్తుంది. ఈ పని మొత్తానికి పట్టేది కొన్ని పదుల మిల్లీసెకన్లు. ఆలస్యం సున్నా అని నేను అనను. కానీ మీరు చెబుతున్న "ముందు ఏమీ లేదు, తర్వాత తోపు" అన్నది ఇంత చిన్న ఆలస్యానికి సరిపోదు.

ఇంజిన్ వైపు నుంచి లెక్క వేయండి. ఫోర్ స్ట్రోక్ సింగిల్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక మంటకీ తర్వాతి మంటకీ మధ్య 40 మిల్లీసెకన్లు, 2000 దగ్గర 60. ఇన్‌టేక్ వాల్వ్ మూసుకున్న మరుక్షణం మీరు గ్రిప్ తిప్పారనుకోండి, తర్వాతి సైకిల్ దాకా ఆ గాలి లోపలికే వెళ్లదు. ఇది కేబుల్ ఉన్నా అంతే. ఆరు సిలిండర్ల గోల్డ్‌వింగ్‌లో అదే 2000 దగ్గర ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక మంట పడుతుంది. 2018 నుంచి గోల్డ్‌వింగ్‌ది కూడా రైడ్-బై-వైరే. అయినా హెయిర్‌పిన్‌లో సింగిల్ లాగా ఇబ్బంది పెట్టదు.

అసలు కారణాలు నా దృష్టిలో రెండు. మొదటిది మ్యాప్, అంటే గ్రిప్ ఎంత తిప్పితే వాల్వ్ ఎంత తెరవాలి అన్న పట్టిక. మొదటి పావు తిప్పులో చాలా తక్కువ తెరిచి, ఆ తర్వాత గబగబా తెరిచే పట్టిక రాస్తే చేతికి అది ల్యాగ్ లాగే అనిపిస్తుంది. రెండోది పెట్రోల్. గ్రిప్ పూర్తిగా మూసి మలుపులోకి దిగితే ఇంజెక్టర్ పెట్రోల్ ఆపేస్తుంది. మళ్లీ తెరిచినప్పుడు మొదట చిమ్మిన పెట్రోల్లో కొంత ఇన్‌టేక్ గోడకే అంటుకుపోతుంది. ఎండిన గోడకి సున్నం వేస్తే మొదటి పూత గోడే తాగేసినట్టు. ఉద్గారాల కోసం మిశ్రమం ఎలాగూ పలచగా ఉంటుంది కాబట్టి ఆ తొలి మంట బలహీనంగా పడుతుంది.

మీ పాత బండి కార్బురేటరా, ఇంజెక్షనా?

నల్లమల_రైడర్

కార్బురేటర్. బీఎస్4 ఉద్గార నిబంధనల కాలం నాటిది.

ఈసీయూ_బెంచ్

అయితే మీరు పోలుస్తున్నది కేబుల్‌నీ రైడ్-బై-వైర్‌నీ కాదు, కార్బురేటర్ బండినీ బీఎస్6 ఇంజెక్షన్ బండినీ. బీఎస్6 హిమాలయన్ 411లో ఇంజెక్షన్ ఉంది, థ్రాటిల్ మాత్రం కేబుల్. ఇంటర్‌సెప్టర్ 650 కూడా అంతే. వీలైతే అలాంటి బండి మీద అదే ఘాట్ ఎక్కి చూడండి, అప్పుడు పోలిక న్యాయంగా ఉంటుంది.

కార్బ్_కాలం

అన్నా, లెక్కలు బాగున్నాయి. కానీ చేతికి తెలిసేది వేరే. కేబుల్ ఉంటే వాల్వ్ నా చేతిలోనే ఉంటుంది. ఎంత తిప్పితే అంత తెరుచుకుంటుంది. పలచటి మిశ్రమం వల్ల బండి తడబడినా, ఆ తడబాటు ఎక్కడ వస్తుందో చేయి నేర్చుకుంటుంది. రైడ్-బై-వైర్‌లో గేరు మారితే ఒక పట్టిక, మోడ్ మారితే ఇంకో పట్టిక. చేయి ఏది నేర్చుకోవాలి?

ఇంకో సంగతి. కేబుల్ ఫ్రీప్లే (ఖాళీ కదలిక) ఎక్కువైతే దారి పక్కన ఆపి, అడ్జస్టర్ తిప్పి నేనే సరిచేసుకుంటాను. దీనికి ల్యాప్‌టాప్ కావాలి. చింతూరు అడవిలో ల్యాప్‌టాప్ ఎవరి దగ్గర ఉంటుంది?

డల్లాస్_తెలుగు

ఈ గొడవ ఇక్కడ అమెరికాలో పాతది. హార్లీ టూరింగ్ బండ్లకు 2008 మోడల్ నుంచి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ వచ్చింది, అప్పటి నుంచీ "గ్రిప్ తిప్పాక ఆగి కదులుతోంది" అనేవాళ్లు ఉన్నారు. యమహా ఎఫ్‌జేఆర్1300 కథ మరీ ఆసక్తికరం. దానికి 2012 మోడల్ దాకా కేబులే. ఆ కేబుల్ బండ్లు తక్కువ వేగంలో ఎగిరి పడుతున్నాయని రైడర్లు విసుక్కునేవారు. గ్రిప్ లోపల కేబుల్ చుట్టుకునే చక్రం ఆకారం మార్చిన ట్యూబులు ఇక్కడ విడిగా అమ్మేవారు, మొదటి తిప్పులో వాల్వ్ నెమ్మదిగా తెరుచుకునేలా. అంటే కేబుల్ రోజుల్లోనూ మ్యాప్ ఉంది. అది ఆ చక్రం ఆకారంలో ఉండేది, ఇప్పుడు ఈసీయూలో ఉంది.

కార్బ్_కాలం గారూ, సీవీ కార్బురేటర్‌లో మీ చేయి కదిపేది బటర్‌ఫ్లైని మాత్రమే. గాలి దారిని తెరిచే అసలు స్లయిడ్‌ని పైకి లేపేది ఇంజిన్ వాక్యూమ్. మీరు ఒక్కసారిగా తిప్పినా అది తన తీరులోనే లేస్తుంది. "వాల్వ్ నా చేతిలోనే" అన్న మాట అప్పుడు కూడా పూర్తిగా నిజం కాదు.

గ్యారేజ్_గోదావరి

మారేడుమిల్లి వైపు వెళ్లొచ్చే బళ్లు మా షెడ్డుకి చాలా వస్తాయి. ల్యాగ్ అని తెచ్చినవాటిలో నేను ముందు చూసేది ఎలక్ట్రానిక్స్ కాదు, చైను. చైను లూజుగా ఉంటే, వెనక చక్రం హబ్‌లోని రబ్బర్లు అరిగితే, గ్రిప్ తిప్పగానే ఇంజిన్ ముందు ఆ లూజు మొత్తం లాక్కోవాలి. అంతసేపూ ఖాళీ, లూజు అయిపోయిన క్షణంలో జర్క్. పైన అన్న రాసింది అచ్చం అదే. సామాను, పిలియన్ ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది.

బండి స్టాండ్ మీద ఆపి గేర్లో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించి చూడండి. చక్రం ఎంత ఖాళీగా తిరిగితే అంత మీ ల్యాగ్. చైను మాన్యువల్లో రాసిన కొలతకి బిగించండి, టైటుగా కాదు. లోడు పడితే సస్పెన్షన్ కిందకి దిగుతుంది, అప్పుడు చైను ఇంకా లాగుతుంది. థ్రాటిల్ బాడీలో మసి పట్టిందేమో కూడా చూడాలి.

నల్లమల_రైడర్

చైను చూశాను, మాన్యువల్ కొలతలోనే ఉంది. బండి కొత్తది, రబ్బర్లు అరిగే వయసు కాదు. గోదావరి అన్న చెప్పింది చాలా బళ్లకి వర్తిస్తుంది, కాదనను.

బెంచ్ గారు చెప్పినట్టు ఆలస్యం తీగది కాదు, మ్యాప్‌ది అనుకుందాం. కొనేవాడికి తేడా ఏంటి? మ్యాప్ రాసింది కంపెనీ. దాన్ని నేను చూడలేను, మార్చలేను. కేబుల్ చక్రం నచ్చకపోతే డల్లాస్ అన్న చెప్పినట్టు ఇంకో ట్యూబు కొనుక్కోవచ్చు. ఇక్కడ ఆ దారి మూసేశారు. రైడ్-బై-వైర్ మీద నా అభ్యంతరం తగ్గలేదు.

కొత్త_హిమాలయన్

అన్నలూ, ఒక డౌటు. ఆన్‌లైన్లో థ్రాటిల్ కంట్రోలర్ అని ఒక పెట్టె అమ్ముతున్నారు. గ్రిప్ వైరు మధ్యలో తగిలిస్తే ల్యాగ్ పోతుందంటున్నారు. పెట్టించుకోవచ్చా?

ఈసీయూ_బెంచ్

వద్దు తమ్ముడూ. ఆ పెట్టె సమయాన్ని తగ్గించదు. నువ్వు పది శాతం తిప్పితే ఇరవై తిప్పావని ఈసీయూకి అబద్ధం చెబుతుంది, అంతే. మొదటి తిప్పులో చురుగ్గా అనిపిస్తుంది. ఎర్రమట్టి తడి రోడ్డు మీద, చేయి వణికే గతుకుల మీద అదే చురుకు నిన్ను పడేస్తుంది.

ఇంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. గ్రిప్ దగ్గర సెన్సర్ సిగ్నల్ ఒకటి కాదు, రెండు ఉంటాయి. ఈసీయూ ఆ రెండింటినీ నిరంతరం పోల్చుకుంటుంది. పొంతన కుదరకపోతే పవర్ తగ్గించి లింప్ మోడ్‌లోకి వెళ్తుంది. నీ ప్రాణానికి కాపలా ఆ పోలికే. దాని మధ్యలో ఊరూపేరూ లేని పెట్టె పెట్టకు. నీ బండిలో ఎకో, పర్ఫార్మెన్స్ మోడ్లు ఉన్నాయి కదా, ముందు రెండింటిలోనూ ఒకే ఘాట్ ఎక్కి చూడు.

వెనక_సీటు

ఇంతసేపూ హ్యాండిల్ పట్టుకున్నవాళ్లే మాట్లాడుతున్నారు. నేను మా ఆయన వెనక కూర్చుని చాలా దూరాలు తిరుగుతాను. అరకు ఘాట్లో ఆయన పర్ఫార్మెన్స్ మోడ్‌లో వెళ్తే ప్రతి మలుపులో నా హెల్మెట్ ఆయన హెల్మెట్‌కి కొట్టుకుంటుంది. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. మెత్తటి మోడ్‌లో ఆయనకి పికప్ లేదని బాధ, నాకు మాత్రం నిద్ర పట్టేంత హాయి. మీరు ల్యాగ్ అని తిడుతున్న దాంట్లో కొంత నా కోసం పెట్టిందేమో ఆలోచించండి. టూరింగ్ బండి అంటే ఇద్దరి బండి.

ఈసీయూ_బెంచ్

ఈవిడ చెప్పింది అక్షరాలా నిజం. గ్రిప్ మూసి తెరిచినప్పుడు చైను, గేర్లు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తన్నుకోకుండా ఆ కొద్ది క్షణం టార్క్‌ని మెల్లగా పెంచే ఏర్పాటు మ్యాపుల్లో కావాలనే పెడతాం. ఎక్కువ పెడితే రైడర్ ల్యాగ్ అంటాడు, తక్కువ పెడితే పిలియన్ మెడ పట్టుకుంటుంది. ఒక్క పట్టికతో ఇద్దరినీ ఒప్పించలేం.

అందుకే నల్లమల గారి అభ్యంతరంలో సగం నాదీ. దారి మూసేయనక్కర్లేదు. యమహా 2010లోనే సూపర్ టెనెరే 1200కి టూరింగ్, స్పోర్ట్ అని రెండు థ్రాటిల్ మ్యాపులు ఇచ్చింది, ఒక బటన్‌తో మారిపోతాయి. అదే పని మన 400 సీసీ బళ్లలో ఇంకా వివరంగా చేయొచ్చు. వర్షం మోడ్‌లో పవర్ కూడా కోసేస్తే అది వేరే సంగతి. నేను అడుగుతున్నది పవర్ మొత్తం ఉంచి, మొదటి పావు తిప్పు మాత్రం మెత్తగానో చురుగ్గానో ఎంచుకునే వీలు. మొత్తం మ్యాప్‌ని రైడర్‌కి వదిలేయడం కుదరదు, ఉద్గారాల ఆమోదం ఆ కాలిబ్రేషన్ మీదే వచ్చింది. కంపెనీ పరీక్షించి ఇచ్చిన మూడు పట్టికల్లో ఒకటి ఎంచుకోవడానికి ఆ అడ్డు ఉండదు.

కార్బ్_కాలం

దీనికి నేనూ ఒప్పుకుంటాను. దానితో పాటు ఇంకోటి కావాలి. సర్వీసుకి ఇస్తే "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం సార్" అని బండి చేతిలో పెడుతున్నారు. నిన్నటిదాకా చేయి నేర్చుకున్న థ్రాటిల్ ఈరోజు వేరేగా ఉంటుంది, ఎవరూ చెప్పరు. అదే సాయంత్రం సామానుతో ఘాట్ ఎక్కేవాళ్లు ఉంటారు. అప్‌డేట్‌లో థ్రాటిల్ మ్యాప్ ముట్టుకున్నారా లేదా, ముట్టుకుంటే ఏ గేర్లో ఏం మారింది, జాబ్ కార్డు మీద తెలుగులో రెండు లైన్లు రాసి ఇవ్వాలి. ఈసారి సర్వీసుకి వెళ్లినప్పుడు నేను రాతపూర్వకంగానే అడగబోతున్నాను. మీరూ అడగండి.

నల్లమల_రైడర్

అడుగుతాను. బెంచ్ గారూ, ఈలోపు 411 ఉన్న ఫ్రెండ్‌ని పట్టుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కుతాను. ఏ గేరు, ఎంత ఆర్‌పీఎం దగ్గర చూడాలో చెప్పండి.

ఈసీయూ_బెంచ్

రెండో గేరు, 3000 దగ్గర. గ్రిప్ పూర్తిగా మూసి, రెండు సెకన్లు ఆగి, కొద్దిగా మాత్రమే తెరవండి. తర్వాత అదే మలుపులో గ్రిప్ పూర్తిగా మూయకుండా, వెనక బ్రేక్ కొంచెం పట్టి ఉంచి తిరగండి. రెండో పద్ధతిలో బాధ పోతే అది పెట్రోల్ కట్ వల్ల వచ్చినది. అప్పుడూ ఉంటే మ్యాప్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం. వెనక బండ్లు లేనప్పుడు, పగటిపూట చేయండి.