హామ్సన్‌లో ‘సన్’ కొడుకేనా?

తెనాలి అక్క: ఎప్పుడో ఓ పాత పత్రికలో నార్వే నవలాకారుడు క్నుట్ హామ్సన్ గురించి చదివిన వాక్యం ఇప్పటికీ బుర్ర తొలిచేస్తోంది. ‘తండ్రి పేరుకి సన్ చేరిస్తే వాళ్ళకది ఇంటిపేరు’ అనో ఏదో ఉంది, మాటలు అవే కావు. మరి ఈ హామ్ ఎవరు?

గుంటూరు మాస్టారు: హామ్ అనేవాడెవడూ లేడమ్మా. తండ్రి పేరు పేడెర్, 1859లో పుట్టిన కొడుకు క్నుడ్ పేడెర్సెన్. ఉత్తర నార్వేలోని హామరోయ్‌లో వాళ్ళ కుటుంబం ఉన్న పొలం పేరు హామ్సుండ్. సుండ్ అంటే రెండు నేలల మధ్య ఇరుకు సముద్రపు పాయ. 1885లో మార్క్ ట్వేన్ మీద రాసిన వ్యాసంలో అచ్చువాళ్ళు చివరి ‘డ్’ ఎగరగొడితే ఆయన అలాగే ఉంచేసుకున్నాడని చెబుతారు. కాబట్టి తెలుగులో హామ్సున్ అనే రాయాలి.

ఓస్లో తమ్ముడు: మాస్టారూ, ఆ అచ్చుతప్పు కథ నాకు మింగుడుపడదు. ఇక్కడ సుండ్‌లో డ్ ఎవరూ పలకరు, సున్ అనే వినిపిస్తుంది. పలికినట్టు రాసుకున్నాడు, అంతే. మధ్యలో అచ్చువాళ్ళనెందుకు అనడం?

గుంటూరు మాస్టారు: పలకకపోవడం వేరు, రాతలో తీసెయ్యడం వేరు. నార్వే 1814 దాకా డెన్మార్క్ రాజు కింద ఉంది, ఆ తర్వాత కూడా రాత చాలాకాలం డేనిష్ పద్ధతే. ఆ రాతలో డ్ లేకపోతే తప్పే. నార్వేలో పేడెర్సెన్ లాంటి పేర్ల చివర కొడుకు అని చెప్పే ‘సెన్’ పాతుకుపోయిందీ ఆ రాత వల్లే. స్వీడన్ వాళ్ళ ఆండెర్స్‌సన్‌లో చూడండి, రెండు ‘స్’లు. ఒకటి షష్ఠీ విభక్తిది, రెండోది కొడుకుది.

తెనాలి అక్క: పొలం మారితే పేరూ మారేదా?

ఓస్లో తమ్ముడు: మారేదక్కా. పొలం పేరు అడ్రస్ లాంటిది, వేరే పొలానికి పోతే ఆ పేరు తగులుకునేది. 1923 చట్టంతో అందరికీ వంశపారంపర్యంగా వచ్చే ఇంటిపేరు తప్పనిసరి అయింది, దాంతో తండ్రి సొంత పేరు ఏదైనా సరే హాన్సెన్ ఇంటిపేరువాడి కొడుకు హాన్సెనే. ఇప్పటికీ ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ కనిపించేది అదే, తర్వాత యోహాన్సెన్, ఓల్సెన్. మా అపార్ట్‌మెంట్ కింద బెల్లుల పక్కన చూస్తే రెండు హాన్సెన్లు, ఒక ఓల్సెన్, ఒక బక్కె. బక్కె అంటే మిట్ట. హామ్సున్ మాత్రం నాకింతవరకూ ఏ బెల్లు పక్కనా తగల్లేదు.

వరంగల్ మిత్రుడు: మిట్ట అన్నారు కాబట్టి చెప్పాల్సిందే. పోతన ఒంటిమిట్టవాడని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు, పోతన చెప్పుకున్న ఏకశిలానగరం అంటే అదేనట. ఇంటిపేరే బమ్మెర, ఊరు మా పక్కనే ఉంది, ఇంకేం సాక్ష్యం కావాలి?

గుంటూరు మాస్టారు: ఇంటిపేరు పూర్వీకులు ఎక్కడివాళ్ళో చెబుతుంది కానీ కవి ఎక్కడ కూర్చుని భాగవతం రాశాడో చెప్పదు నాయనా. పోతన కోసం విడిగా చర్చ పెట్టండి, ఎంతసేపైనా మాట్లాడతాను. తమ్ముడూ, 1885కి ముందు ఆయన సంతకం చేసిన ఉత్తరాల ఫోటోలు అక్కడి లైబ్రరీలో దొరుకుతాయేమో చూసి పెట్టు. ఆ డ్ అప్పటికే జారిపోయి ఉంటే నీ మాటకి బలం వస్తుంది.

ఓస్లో తమ్ముడు: తప్పకుండా చూస్తాను మాస్టారూ. కానీ ముందు మనవాళ్ళు క్నుట్‌ని ‘నట్’ అని రాయడం మానాలి, ఇక్కడ ఆ ‘క్’ గట్టిగానే పలుకుతారు.