అర్జంట్: గోల్ఫ్ ఓపెన్ విజేతల ఫ్లెక్సీలో 14 గడులు ఖాళీ మిగులుతున్నాయి

ఫ్లెక్సీ_తమ్ముడు (రాత్రి 9:40)
అందరికీ నమస్తే. మధ్యాహ్నం మూడింటి నుంచి దీని ముందే కూర్చున్నా, అన్నం కూడా తినలేదు. గోల్ఫ్ ఓపెన్ విజేతల ఫ్లెక్సీ ఒకటి చేస్తున్నా. మొదటి ఏడాది నుంచి 2025 దాకా ఏడాదికో గడి. గడిలో ఏడాది, పేరు, చిన్న ఫోటో. గడులు గీశా, ఏళ్లు వేశా, ఆర్డర్ ఇచ్చిన పార్టీ పంపిన ఎక్సెల్‌లోంచి పేర్లు పేస్ట్ చేశా. చివర్లో 14 గడులు ఖాళీ! మూడుసార్లు మొదటి నుంచి చేశా, మూడుసార్లూ 14. సాఫ్ట్‌వేర్ తేడానా, ఇంకేమైనానా తెలియట్లేదు. పార్టీ ఫోన్ ఎత్తట్లేదు. పొద్దున పదింటికి డెలివరీ. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఒక్కమాట (9:43)
ఏ ఓపెన్?

ఫ్లెక్సీ_తమ్ముడు (9:44)
గోల్ఫ్ ఓపెన్ అన్నా. పైనే రాశాగా.

డల్లాస్_బాబాయ్ (9:51)
ఇది తేలిక బాబూ. ఓపెన్ 1895లో న్యూపోర్ట్‌లో మొదలైంది. మొదటి విజేత హొరేస్ రాలిన్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917, 1918, రెండో దాంట్లో 1942 నుంచి 1945 దాకా జరగలేదు. అంటే 6 ఏళ్లు. 2025లో ఓక్‌మాంట్‌లో జరిగింది 125వది, జె.జె. స్పాన్ గెలిచాడు. 131 ఏళ్లలో 6 పోతే 125. కాబట్టి నీకు ఖాళీలు 6 ఉండాలి. 14 ఎలా వచ్చాయో మరి. పేర్లు ఎక్కడో ఎగిరిపోయి ఉంటాయి, చూసుకో.

ఫ్లెక్సీ_తమ్ముడు (9:58)
బాబాయ్ గారూ, నా దగ్గర 1917 గడిలో కూడా పేరు ఉందండీ. అసలు నా మొదటి గడి 1860.

ఒక్కమాట (9:59)
1860 అయితే బ్రిటిష్ ఓపెన్. బాబాయ్ చెప్పింది అమెరికా ఓపెన్. ఈ ముక్క ముందే చెప్పాల్సింది.

పదకోశం (10:06)
క్షమించాలి, బ్రిటిష్ ఓపెన్ అనే టోర్నమెంట్ లేదు. దాని పేరు ది ఓపెన్ ఛాంపియన్‌షిప్, లేదా ఉత్తినే ది ఓపెన్. మొట్టమొదటిది కాబట్టి దానికి దేశం పేరు తగిలించే అవసరం రాలేదు. తర్వాత పుట్టినవే అమెరికా ఓపెన్ అనీ ఇంకోటనీ తగిలించుకున్నాయి. ఆఖరున గెలిచినవాణ్ని పిలిచేటప్పుడు కూడా 'ఈ ఏటి ఛాంపియన్ గోల్ఫర్' అంటారు తప్ప విజేత అనరు. ఫ్లెక్సీ హెడ్డింగ్‌లో ఏం రాస్తున్నారు?

డల్లాస్_బాబాయ్ (10:11)
ఇక్కడ ఇరవై ఏళ్లుగా ఏ అమెరికావాణ్ని అడిగినా బ్రిటిష్ ఓపెన్ అనే అంటాడు. జనం వాడేదే పేరు.

పదకోశం (10:13)
నిర్వహించే ఆర్ అండ్ ఏ వాళ్లు ఆ మాట వాడరండీ. ఎవరి బిడ్డకు వాళ్లు పెట్టుకున్న పేరు కదా పేరు.

పాత_కేడీ (10:20)
ఓపెన్ అనే మాట మీదే కొట్లాట అయితే ఒకటి చెప్పనివ్వండి. 1860 అక్టోబరు 17న స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో జరిగిన ఆ మొదటి పోటీ అసలు ఓపెనే కాదు. ఆడింది ఎనిమిది మంది, ఎనిమిది మందీ ప్రొఫెషనల్సే. ఆ రోజుల్లో ప్రొఫెషనల్ అంటే కోటు వేసుకుని విమానాల్లో తిరిగేవాడు కాదు. బ్యాగు మోసేవాడు, బంతులు చేసేవాడు, కర్రలు చెక్కేవాడు, గడ్డి చూసుకునేవాడు. మా జాతి అన్నమాట. నేను పదకొండేళ్లు కేడీగా, అంటే ఆటగాళ్ల బ్యాగు మోసేవాడిగా చేశా, అందుకే ఈ సంగతి ఎక్కడ వచ్చినా ఊరుకోలేను. దొరలు, అంటే సరదాకు ఆడేవాళ్లు, ఆడేందుకు కూడా తలుపు తెరిచింది 1861లో. ఓపెన్ అనాలంటే అప్పటి నుంచి అనాలి.

లెక్కల_మాస్టారు (10:27)
పేరు సంగతి తర్వాత చూసుకోండి, ఆ అబ్బాయికి పొద్దున డెలివరీ. నాయనా, ఖాళీ చివర్లో కనిపిస్తోంది గానీ పుట్టింది చివర్లో కాదు. ఒక పని చెయ్యి. 1914 గడిలో ఎవరున్నారు, 1934లో ఎవరున్నారు, 2008లో ఎవరున్నారు చెప్పు.

ఫ్లెక్సీ_తమ్ముడు (10:31)
1914 జార్జ్ డంకన్. 1934 శామ్ స్నీడ్. 2008 కాలిన్ మోరికావా.

లెక్కల_మాస్టారు (10:40)
దొరికింది. డంకన్ గెలిచింది 1920లో, స్నీడ్ 1946లో, మోరికావా 2021లో. డంకన్ 6 గడులు ముందుకు జరిగాడు, స్నీడ్ 12, మోరికావా 13. ఆట జరగని ఏళ్లకు కూడా నువ్వు గడులు వేశావు. పేర్లకు ఏం తెలుసు, వరసగా ఖాళీ కనిపించిన చోటల్లా కూర్చున్నాయి. జరగని ఏళ్లు రాసుకో: 1871. తర్వాత 1915 నుంచి 1919 దాకా 5. 1940 నుంచి 1945 దాకా 6. 2020లో కరోనా వల్ల ఆపేశారు. మొత్తం 13. 1860 నుంచి 2025 దాకా 166 ఏళ్లు, 13 తీసేస్తే 153. 2025లో రాయల్ పోర్ట్‌రష్‌లో జరిగింది సరిగ్గా 153వదే. అయితే నీకు 14 ఎందుకు మిగిలాయన్నది నాకూ అర్థం కావట్లేదు. ఇంకొకటి ఎక్కడో ఉంది. పార్టీ ఇచ్చిన ఎక్సెల్‌లో ఏళ్లు లేవా?

ఫ్లెక్సీ_తమ్ముడు (10:44)
ఉన్నాయి మాస్టారూ, కానీ ఆ కాలమ్ పిచ్చిది. పైనుంచి కింద దాకా అన్నీ 1905 అనే ఉన్నాయి. అందుకే డిలీట్ చేసి ఏళ్లు నేనే నింపుకున్నా.

ఒక్కమాట (10:45)
ఈ ముక్క కూడా ముందే చెప్పాల్సింది.

లెక్కల_మాస్టారు (10:50)
పిచ్చిది కాదయ్యా. ఎవరో ఆ కాలమ్‌కు తేదీ ఫార్మాట్ పెట్టారు. ఎక్సెల్ 1900 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెట్టుకుంటుంది. 1860 అని కొడితే 1860వ రోజు అనుకుంటుంది, అది 1905లో పడుతుంది. 2025వ రోజు కూడా 1905లోనే. ఫార్మాట్‌ను నంబర్‌కు మార్చు, ఏళ్లన్నీ కనిపిస్తాయి. వాట్సాప్‌లో ఒరిజినల్ ఫైలు ఉంటుందిగా, మళ్లీ దించుకో.

ఫ్లెక్సీ_తమ్ముడు (10:58)
వచ్చాయి మాస్టారూ!! 1860, 1861 అని వరసగా ఉన్నాయి. 1870 తర్వాత 1872. యుద్ధం, కరోనా అంటే అర్థమైంది గానీ 1871లో ఏమొచ్చింది? పార్టీ తప్పు కొట్టాడేమో.

పాత_కేడీ (11:15)
తప్పు కాదు తమ్ముడూ. అది నాకు చాలా ఇష్టమైన కథ. మొదట్లో గెలిచినవాడికి కప్పు ఇచ్చేవారు కాదు, నడుముకు పెట్టుకునే బెల్టు ఇచ్చేవారు. ఎర్ర మొరాకో తోలు, వెండి బకిల్, ఖరీదు 25 పౌన్లు. ఏడాది ఉంచుకుని తిరిగి ఇచ్చెయ్యాలి. వరసగా మూడేళ్లు గెలిస్తే మాత్రం సొంతం. అలా ఎవడు గెలుస్తాడులే అనుకుని ఉంటారు. యంగ్ టామ్ మోరిస్ అనే కుర్రాడు వచ్చి 1868, 1869, 1870 మూడూ కొట్టేశాడు. మొదటిసారి గెలిచినప్పుడు వాడికి 17 ఏళ్లు. ఇప్పటికీ మేజర్లలో, అంటే గోల్ఫ్‌లోని నాలుగు పెద్ద పోటీల్లో, అంత చిన్నవాడు ఎవడూ గెలవలేదు. 1870లో 578 గజాల మొదటి హోల్‌ను మూడు దెబ్బల్లో ముగించాడు, అంటే మూడు దెబ్బల్లో బంతిని గుంతలో వేశాడు. ఆ కాలపు కర్రలతో, ఆ కాలపు బంతితో! రెండోవాడి కంటే 12 దెబ్బలు తక్కువతో గెలిచి బెల్టు ఇంటికి పట్టుకుపోయాడు.

ఇక ఇవ్వడానికి ఏమీ లేదు. కొత్తది ఎవరు కొనాలి, ఎక్కడ ఆడాలి అని క్లబ్బులు తేల్చుకునేలోపు 1871 గడిచిపోయింది. చివరికి ప్రెస్ట్‌విక్, సెయింట్ ఆండ్రూస్, ఎడిన్‌బరా, మూడు క్లబ్బులూ తలా 10 పౌన్లు వేసుకుని వెండి కూజా చేయించాయి. అదే క్లారెట్ జగ్, ద్రాక్షసారా పోసుకునే కూజా. 1872లో మళ్లీ యంగ్ టామే గెలిచాడు గానీ కూజా ఇంకా తయారవలేదు, మెడల్‌తో సరిపెట్టారు. చేతికి మొదట అందుకున్నది 1873లో టామ్ కిడ్. కానీ కూజా మీద చెక్కిన మొదటి పేరు యంగ్ టామ్‌దే. 1871 గడి ఖాళీగా ఉంటేనే అందం, అది వాడి గౌరవం.

డల్లాస్_బాబాయ్ (11:19)
కథ బావుంది. 2025లో అయితే గెలిచినవాడికి 31 లక్షల డాలర్లు ఇచ్చారు.

పాత_కేడీ (11:22)
అప్పట్లో మొదట నాలుగేళ్లు గెలిచినవాడికి రొక్కం సున్నా బాబాయ్. 1864లో ఓల్డ్ టామ్‌కు ఇచ్చింది 6 పౌన్లు.

ఫ్లెక్సీ_తమ్ముడు (11:30)
థాంక్స్ కేడీ అన్నా. ఈ టామ్ మోరిస్ 8 సార్లు గెలిచాడన్నమాట! కింద పట్టీలో 'అత్యధిక విజయాలు' అని పెద్ద ఫోటో పెట్టమన్నారు. పేర్లు లెక్కేస్తే టామ్ మోరిస్ 8 వచ్చింది, తెల్లగడ్డం ఫోటో పెట్టేశా. ఎనిమిది గడుల్లోనూ అదే ఫోటో.

పాత_కేడీ (11:32)
అయ్యో! ఆపు ఆపు. వాళ్లిద్దరు. తెల్లగడ్డం ఆయన తండ్రి, ఓల్డ్ టామ్. ఆయనవి 1861, 1862, 1864, 1867. కొడుకువి 1868, 69, 70, 72. తలా నాలుగు. కొడుకు 24 ఏళ్లకే, 1875 క్రిస్మస్ రోజున పోయాడు. వాడికి తెల్లగడ్డం పెట్టకు తమ్ముడూ, పుణ్యం ఉంటుంది. తండ్రి చివరిసారి గెలిచినప్పుడు 46 ఏళ్లు, ఇప్పటికీ ఈ పోటీలో అదే పెద్ద వయసు. మరుసటి ఏడే కొడుకు అందరిలోకీ చిన్నవాడిగా గెలిచాడు. ఇలాంటి ఇల్లు ఇంకోటి లేదు.

లెక్కల_మాస్టారు (11:38)
విల్లీ పార్క్ కూడా చూసుకో. 6 అని వచ్చి ఉంటుంది. తండ్రివి 1860, 1863, 1866, 1875. కొడుకువి 1887, 1889. అందరికంటే ఎక్కువ హ్యారీ వార్డన్, 6 సార్లు: 1896, 1898, 1899, 1903, 1911, 1914. పెద్ద ఫోటో ఆయనది. తర్వాత అయిదేసి సార్లు టేలర్, బ్రెయిడ్, పీటర్ థామ్సన్, టామ్ వాట్సన్.

పదకోశం (11:41)
ఓల్డ్, యంగ్ అనేవి వాడుక పేర్లు. పట్టికలో సీనియర్, జూనియర్ అనడం మర్యాద.

పాత_కేడీ (11:42)
సమాధి దగ్గరకు వెళ్లేవాళ్లు కూడా యంగ్ టామ్ అనే అంటారు సార్.

డల్లాస్_బాబాయ్ (11:50)
మనవాళ్ల పేరు ఒక్కటీ లేకపోవడం బాధగా ఉంది. 2023లో హాయ్‌లేక్‌లో శుభాంకర్ శర్మ ఎనిమిదో స్థానం పంచుకున్నాడు, ఓపెన్‌లో మనకు అదే గొప్ప.

లెక్కల_మాస్టారు (11:54)
ఆ పద్నాలుగో ఖాళీ తేలిందా?

ఫ్లెక్సీ_తమ్ముడు (12:12)
తేలింది మాస్టారూ. అది చెప్పడం మర్చిపోయా. చివర్లో ఒకే పేరు రెండుసార్లు, స్పెల్లింగ్ తేడాగా కొట్టారనుకుని ఒకటి తీసేశా. షాఫ్లీ, షెఫ్లర్.

ఒక్కమాట (12:13)
ఇద్దరు వేరు. 2024 జాండర్ షాఫ్లీ. 2025 స్కాటీ షెఫ్లర్.

ఫ్లెక్సీ_తమ్ముడు (12:14)
ఇప్పుడు తెలిసింది అన్నా.

లెక్కల_మాస్టారు (12:20)
సరే. గడులు 153 చాలనుకుంటే 17 వరసలు, వరసకు 9 సరిగ్గా సరిపోతాయి. జరగని ఏళ్లు కూడా చూపించాలంటే 166, అది రెండు వరసలకు 83 చొప్పున తప్ప సరిగ్గా కుదరదు. పార్టీని అడిగి చెయ్యి.

పాత_కేడీ (12:22)
1871 ఒక్కటైనా ఉంచు తమ్ముడూ. బెల్టు బొమ్మ పెట్టు.

పదకోశం (12:25)
హెడ్డింగ్ ఏం రాశారో ఇంకా చెప్పలేదు.

ఫ్లెక్సీ_తమ్ముడు (ఉదయం 6:05)
17 ఇంటూ 9 చేసేశా. మిషన్ మీద నడుస్తోంది. అందరికీ థాంక్స్, పడుకుంటున్నా.

పదకోశం (6:40)
హెడ్డింగ్?